టికెట్ డబ్బు ఎటు పోతుందో తెలుసు, పార్కింగ్ డబ్బు సంగతి చెప్పండి మంత్రిగారూ

గౌరవనీయులైన మంత్రిగారికి నమస్కారం.

నాంపల్లిలో ఏటా జనవరిలో మొదలయ్యే మన నుమాయిష్ ఎగ్జిబిషన్ బయట పార్కింగ్ వసూళ్ల మీద అర్జీలు ఇచ్చాం, ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాం, 'పరిష్కరించాం' అని ఫోన్‌కి మెసేజ్ కూడా వచ్చింది. ఏం పరిష్కరించారో మాత్రం ఇప్పటికీ అర్థం కాలేదు, అందుకే అందరి ముందూ రాస్తున్నాను, ఏమీ అనుకోకండి.

నుమాయిష్ గురించి మీకు నేను చెప్పేదేముంది. దాన్ని నడిపే ఎగ్జిబిషన్ సొసైటీకి మంత్రులే అధ్యక్షులుగా ఉంటూ వస్తున్నారు కదా. 1938లో హైదరాబాద్ సంస్థానంలో ఆర్థిక సర్వే చేయించడానికి డబ్బుల్లేక ఉస్మానియా పట్టభద్రులు బాగే ఆమ్‌లో, అంటే ఇప్పటి పబ్లిక్ గార్డెన్స్‌లో, పెట్టుకున్న ప్రదర్శన ఇది, చేతిలో పెట్టుబడి రెండున్నర రూపాయలేనట. 1946లో నాంపల్లికి మారింది. తర్వాత ప్రదర్శనలో మిగిలిన డబ్బు చదువులకు మళ్లింది, జెయింట్ వీల్ తిరిగే ఆ గ్రౌండ్‌లోనే సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయం, కమలా నెహ్రూ పాలిటెక్నిక్ నిలబడ్డాయి. మా అమ్మ డిగ్రీ చదివింది వనితా కాలేజీలోనే. అందుకే 2025లో టికెట్ 40 నుంచి 50 చేసినా మా ఇంట్లో ఎవరూ గొణగలేదు, ఏ ఆడపిల్ల చదువుకో పోతుందిలే అనుకున్నాం.

మరి గేటు బయట వసూలు చేసేది ఎవరి చదువుకు సార్?

బండి ఆపకముందే ఒకతను విజిల్ ఊదుకుంటూ వస్తాడు. స్లిప్ మీద రేటు ఉండదు, పేరు ఉండదు, ఒక్కోసారి స్లిప్పే ఉండదు. టూవీలర్‌కి మనిషి టికెట్‌కి రెట్టింపు అడుగుతాడు, ఆదివారమైతే ఇంకా ఎక్కువ, కారుకైతే వాడి నోటికి ఎంతొస్తే అంత. ఇదేంటి అంటే 'తీసెయ్ బండి' అంటాడు. పిల్లలు అప్పటికే లోపలి లైట్లు చూసి ఎగురుతుంటారు, మనం గొడవ పడలేమని వాడికి తెలుసు, ఇచ్చేస్తాం. పక్కనున్న పోలీసాయన్ని అడిగితే 'అది ప్రైవేటు స్థలం అమ్మా' అన్నాడు, సరే, ఫుట్‌పాత్ కూడా ప్రైవేటేనా?

మెట్రోలో రావచ్చుగా అంటారు. వస్తాం, గాంధీభవన్ స్టేషన్ పక్కనే ఉంది, కాదనను. కానీ మోకాళ్ల నొప్పులున్న అత్తమ్మను, నిద్రపోతున్న పిల్లను, బేరమాడి కొన్న దుప్పట్లను మోసుకుంటూ ఆ జనంలో రైలెక్కడం ఎట్లా ఉంటుందో ఒక్కసారి సెక్యూరిటీ లేకుండా వచ్చి చూడండి. 2019 జనవరిలో అంత అగ్నిప్రమాదం జరిగిన చోటు అది, చుట్టూ సందులన్నీ అడ్డదిడ్డంగా పెట్టిన బండ్లతో నిండిపోతే ఫైరింజన్ ఎటు నుంచి వస్తుందో ఆలోచిస్తేనే టెన్షన్.

మేం ఫ్రీగా ఇమ్మనట్లేదు. రేటు బోర్డు పెట్టించండి, రసీదు ఇప్పించండి, వీలైతే పార్కింగ్ కూడా సొసైటీకే అప్పగించి ఆ డబ్బూ కాలేజీలకే పోయేలా చూడండి, అప్పుడు వంద అడిగినా ఇస్తాం. కనీసం రేటు బోర్డు. వచ్చే జనవరి 1 లోపు అదొక్కటైనా పెట్టించండి సార్, దయచేసి ఈసారి 'పరిష్కరించాం' అని మెసేజ్ మాత్రం పంపకండి.

ఇట్లు,
ఏటా నుమాయిష్‌కి వచ్చే ఒక హైదరాబాదీ