విజయవాడ ఫార్మసిస్టుల సంఘం వార్షిక నివేదిక: 2024–25

గౌరవ అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, సర్వసభ్య సమావేశానికి విచ్చేసిన ఫార్మసిస్టులకు, అధ్యాపకులకు, విద్యార్థి సభ్యులకు నమస్కారాలు. 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు మన సంఘం చేసిన పనుల వివరాలను మీ ఆమోదం కోసం సమర్పిస్తున్నాను.

సంఘం ఆశయాలు మీ అందరికీ తెలిసినవే కనుక వాటిని తిరిగి చెప్పడం లేదు. పది పనులు పైపైన చేయడం కన్నా, చదువు పూర్తి చేసుకున్న పిల్లలు మందుల షాపు కౌంటరు దగ్గర, ఆసుపత్రి వార్డులో ధైర్యంగా నిలబడేలా తయారు చేసే పని ఒక్కదాన్నే పట్టుదలగా చేయాలని కార్యవర్గం తన తొలి సమావేశంలోనే నిర్ణయించింది. డి.ఫార్మసీ (ఫార్మసీ డిప్లొమా) నియమావళి ప్రకారం రెండేళ్ల చదువు అయ్యాక మూడు నెలలకు తగ్గకుండా 500 గంటల ప్రాక్టికల్ ట్రైనింగ్ పూర్తి చేయాలి. అందులో కనీసం 250 గంటలు డాక్టరు చీటీలు చూసి మందులు ఇవ్వడంలోనే గడవాలి. ఈ గంటలు ఎందరి విషయంలో నిజంగా గడుస్తున్నాయో, ఎందరి విషయంలో సంతకంతో, రబ్బరు స్టాంపుతో ముగిసిపోతున్నాయో ఈ సభలో ఉన్న షాపు యజమానులకూ, అధ్యాపకులకూ నేను చెప్పనక్కరలేదు. రిజిస్టర్డ్ ఫార్మసిస్టు తప్ప మరొకరు చీటీ మీద మందు ఇవ్వకూడదని 1948 నాటి ఫార్మసీ చట్టం 42వ సెక్షను స్పష్టంగా చెబుతున్నా, సర్టిఫికెట్టు గోడ మీద వేలాడుతూ, ఆ సర్టిఫికెట్టు మనిషి మరో ఊళ్లో మరో ఉద్యోగం చేసుకుంటున్న షాపులు మన చుట్టూ ఉన్నాయి. చదువు బలపడకుండా ఈ జబ్బు నయం కాదని, కౌంటరులో మనిషి లేకుండా చదువు బలపడదని మన సంఘం గట్టిగా నమ్ముతున్నది.

ఇది మన ఒక్క రాష్ట్రపు చింత కాదు. అంతర్జాతీయ ఫార్మస్యూటికల్ ఫెడరేషన్, అంటే మనమంతా ఎఫ్‌ఐపీ అని పిలిచే సంస్థ, 2016లో చైనాలోని నాన్‌జింగ్ నగరంలో ఫార్మసీ విద్య గురించే ప్రత్యేకంగా ప్రపంచ సదస్సు జరిపి, ఫార్మసిస్టుల వృత్తి బలం కోసం 13 లక్ష్యాలను ప్రకటించింది; 2020లో వాటిని విస్తరించి మొత్తం 21 అభివృద్ధి లక్ష్యాలుగా విడుదల చేసింది. వాటిలో మొదటిది బోధించే సంస్థల, అధ్యాపకుల సామర్థ్యం. రెండోది వృత్తిలోకి కొత్తగా అడుగుపెట్టిన వారికి ఇవ్వవలసిన శిక్షణ. మన నెలవారీ అధ్యయన సమావేశాల్లో ఈ లక్ష్యాలను ఒక్కొక్కటిగా చదివి, మన కాలేజీల్లో, మన షాపుల్లో అవి ఎక్కడున్నాయో పోల్చి చూసుకున్నాం. రెండో లక్ష్యం దగ్గర చర్చ మూడు సమావేశాల పాటు సాగింది. ఆ చర్చ నుంచే శిక్షణ డైరీ పుట్టింది.

ఆ డైరీ గురించి కొంత వివరంగా చెప్పాలి. షాపులో శిక్షణకు వచ్చిన విద్యార్థి ప్రతి రోజుకూ ఒక పేజీ నింపాలి. ఆ రోజు చూసిన చీటీలలో అర్థం కానిది ఏది, రోగి అడిగిన ప్రశ్న ఏమిటి, తాను ఇచ్చిన జవాబు ఏమిటి, దాన్ని షాపు ఫార్మసిస్టు ఎలా సరిదిద్దారు, అమ్మిన ప్రతిసారీ విడిగా రాసిపెట్టవలసిన మందుల రిజిస్టరులో, అంటే షెడ్యూల్ హెచ్1 రిజిస్టరులో, ఆ రోజు ఏ మందు నమోదైంది అనే గడులు అందులో ఉన్నాయి. పేజీ అడుగున శిక్షణ ఇచ్చిన ఫార్మసిస్టు సంతకం ఆ రోజే పడాలి. మూడు నెలల సంతకాలు ఒకేసారి పెట్టడానికి వీలు లేకుండా ప్రతి శనివారం మన సభ్యులలో ఒకరు వెళ్లి చూసే ఏర్పాటు చేశాం. సత్యనారాయణపురం, పటమట, గవర్నర్‌పేట ప్రాంతాల్లోని కొందరు షాపు యజమానులు దీన్ని అక్షరాలా పాటించారు. వారికి సంఘం తరఫున కృతజ్ఞతలు. మరికొందరు డైరీలు తీసుకుని, మళ్లీ ఫోను ఎత్తలేదు. వారు కూడా ఈ సభలోనే ఉన్నారు.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం ప్రాంతాలు నీట మునిగిన సంగతి మీకు వేరే చెప్పనక్కరలేదు. మన సభ్యులలోనే కొందరి ఇళ్లు, షాపులు మునిగాయి. నీరు కాస్త తగ్గుముఖం పట్టగానే వైద్య శిబిరాల వద్ద మందులు సర్దే పనికి మన సభ్యులు, ఆరేళ్ల ఫార్మసీ కోర్సు అయిన ఫార్మ్.డి విద్యార్థులు వెళ్లారు. దాతలు పంపిన మందులు అట్టపెట్టెల నిండా కలగాపులగంగా వచ్చాయి. గడువు తీరినవి, సగం కత్తిరించిన స్ట్రిప్పులు, పేరు చెరిగిపోయిన సిరప్ సీసాలు, ఎవరి ఇంటి అలమరలోనో మిగిలిపోయిన మాత్రలు అన్నీ ఒకచోటే ఉన్నాయి. ముందుగా గడువు చూసి తీసివేయడం, తరువాత మందు పేరు వారీగా, మోతాదు వారీగా వేరు చేయడం అనే పని పగలంతా సాగేది. చీటీలు నీళ్లలో కొట్టుకుపోయిన రోగులు "బీపీకి తెల్ల మాత్ర, షుగరుకు పొద్దున ఒకటి" అని చెబితే, వాళ్ల దగ్గర మిగిలిన స్ట్రిప్పు ముక్కను పట్టి మందు గుర్తుపట్టి, శిబిరం డాక్టరు చేత కొత్తగా రాయించి ఇచ్చాం.

అక్కడే మన చదువులో ఎక్కడ లోటు ఉన్నదో కూడా కంటికి కనిపించింది. కరెంటు లేదు, ఫ్రిజ్ పని చేయదు, ఇంట్లో ఇన్సులిన్ ఉంది, ఏం చేయాలని ఒక పెద్దాయన అడిగితే, ఇన్సులిన్ మన శరీరంలో ఎలా పనిచేస్తుందో పదిహేను నిమిషాలు చెప్పగల విద్యార్థులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాడుతున్న సీసాను ఎండ తగలని చల్లని చోట ఉంచితే దాదాపు నాలుగు వారాలు వాడుకోవచ్చని, వేసవి వేడిలోనైతే తడిగుడ్డ చుట్టిన మట్టికుండలో పొడి డబ్బాలో పెట్టి ఉంచవచ్చని, ఐసు మీద మాత్రం నేరుగా పెట్టకూడదని మన సీనియర్ సభ్యులు ఆయనకు చెప్పారు. తిండి సమయానికి అందని ఆ రోజుల్లో గ్లిమెపిరైడ్ లాంటి షుగరు మాత్రలను అలవాటుగా వేసుకుంటే షుగరు బాగా పడిపోయి కళ్లు తిరుగుతాయని, అలాంటప్పుడు శిబిరం డాక్టరును అడిగాకే వేసుకోవాలని ఎందరికో విడివిడిగా చెప్పవలసి వచ్చింది. ఆ పిల్లల్లో తెలివి తక్కువేమీ లేదు. ఇలాంటి ప్రశ్న వారిని తరగతి గదిలో ఎవరూ అడగలేదు, అంతే.

అందుకే సెప్టెంబరు 25న ప్రపంచ ఫార్మసిస్టుల దినోత్సవం రోజున మనం ఏటా జరిపే ఉపన్యాసాలు, దుశ్శాలువాలు పక్కన పెట్టి రోజంతా కౌంటరు శిక్షణ జరిపాం. 1912లో ఎఫ్‌ఐపీ ఏర్పడిన రోజు అది. 2009లో ఇస్తాంబుల్ మహాసభలో ఆ తేదీని దినోత్సవంగా నిర్ణయించారు. "ప్రపంచ ఆరోగ్య అవసరాలను తీర్చే ఫార్మసిస్టులు" అన్నది 2024 సంవత్సరపు నినాదం. మన సంఘం ఇన్నేళ్లలో జరిపిన కార్యక్రమాల్లో దీనంత ఫలవంతమైనది మరొకటి లేదని కార్యదర్శిగా గర్వంగా చెబుతున్నాను.

హాలులో నాలుగు బల్లలు వేసి నాలుగు కౌంటర్లుగా చేశాం. ఒక కౌంటరులో చంటిబిడ్డ తల్లికి యాంటీబయాటిక్ డ్రై సిరప్ కలిపి ఇవ్వాలి. సీసాను ముందు తట్టి అడుగున గడ్డకట్టిన పొడిని విడదీయాలి, కాచి చల్లార్చిన నీటిని సగం పోసి గట్టిగా కుదపాలి, నురగ దిగాక గీత వరకు మళ్లీ నీళ్లు పోయాలి, కలిపిన తేదీని సీసా మీద రాయాలి, ప్రతిసారీ కుదిపి ఇవ్వమని, సాధారణంగా వారం దాటితే పారబోయమని, జ్వరం తగ్గినా డాక్టరు చెప్పినన్ని రోజులూ వేయమని తల్లికి అర్థమయ్యేలా చెప్పాలి. నీళ్లు ఒక్కసారే పోసిన జట్టుకు పొడి అడుగున ఉండకట్టింది; ఆ సీసాను అందరికీ చూపించి, అలా అయితే మొదటి రోజుల్లో బిడ్డకు తక్కువ మందు, చివరి రోజుల్లో ఎక్కువ మందు వెళుతుందని చెప్పాం. మరో కౌంటరులో ఉత్తి ఇన్‌హేలర్‌తో అభ్యాసం జరిగింది. మూడో దానిలో కీళ్లవాతానికి వారానికి ఒక్కసారే వేసుకోవలసిన మెథోట్రెక్సేట్ మాత్రను రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుందని, కవరు మీద అది వేసుకోవలసిన రోజు పేరు తెలుగులో పెద్దగా రాసి, రోగి చేత తిరిగి చెప్పించుకోవాలని నేర్పాం. నాలుగో కౌంటరుకు సింగ్‌నగర్ అనుభవాన్నే ప్రశ్నగా పెట్టాం. రోగుల పాత్రలు వేసినవారు మన సభ్యుల ఇళ్లలోని పెద్దవారే. వారు నిజమైన రోగుల మాదిరే సగం చెప్పి సగం దాచారు. సాయంత్రానికి మొదట నోరు విప్పని విద్యార్థినులు కూడా "అమ్మా, ఇంకోసారి మీరే చెప్పండి, ఎప్పుడు వేస్తారు?" అని అడగడం మొదలుపెట్టారు.

2025 మార్చి 6న జాతీయ ఫార్మసీ విద్యా దినోత్సవం జరిపాం. అది ఆచార్య మహదేవ లాల్ ష్రాఫ్ జయంతి. ఆయన 1932లో బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో మన దేశపు ఫార్మసీ విద్యకు పునాది వేశారు. 1951 నాటికి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఫార్మసీ విభాగం మొదలైంది. ఆ విభాగంలో చదివిన మన సీనియర్ సభ్యులు ఆనాటి ప్రయోగశాలల గురించి మాట్లాడారు. హాజరు బాగుంది.

ఫార్మ్.డి పట్టభద్రుల విషయం ఈ ఏడాదీ తేలలేదు. 2008లో ఈ ఆరేళ్ల కోర్సు మొదలైనప్పుడు, వార్డులో డాక్టరు పక్కన నిలబడి మందుల మోతాదులు, పరస్పర ప్రభావాలు, దుష్ప్రభావాలు చూసే క్లినికల్ ఫార్మసిస్టు వస్తారని ఆశించాం. చదువు వచ్చింది, ఇంటర్న్‌షిప్పు వచ్చింది, ప్రభుత్వ ఆసుపత్రుల్లో వారికి తగినన్ని పోస్టులు మాత్రం రాలేదు. అందువల్ల మన పిల్లలు విదేశాల వైపు చూస్తున్నారు. 2003 నుంచి ఇతర దేశాల్లో పట్టా పొందినవారు అమెరికాలో ఫార్మసిస్టు కావాలంటే కనీసం ఐదేళ్ల ఫార్మసీ చదువు ఉండాలన్న నియమం వల్ల నాలుగేళ్ల బి.ఫార్మసీ వారికి ఆ దారి మూసుకుపోగా, ఫార్మ్.డి వారికి తెరుచుకుంది. బ్రిటన్‌లో 2026 నుంచి కొత్తగా రిజిస్టరయ్యే ఫార్మసిస్టులు తామే మందులు రాయగలిగేలా అక్కడి శిక్షణను మార్చారు. అక్కడ స్థిరపడిన మన పూర్వ సభ్యులు ఆదివారాలు ఆన్‌లైన్‌లో ఈ విషయాలు ఓపికగా వివరించారు, వారికి ధన్యవాదాలు. వెళ్లేవారిని మనం ఆపలేం, ఆపకూడదు కూడా. వెళ్లకుండా ఉండిపోయిన వారికి ఇక్కడ గౌరవమైన ఉద్యోగం, జీతం చూపించడం మన బాధ్యత.

ఈ విషయమై సంబంధిత అధికారులకు ఇచ్చిన వినతిపత్రాలకు రసీదు తప్ప జవాబు రాలేదు. వెళ్లిన ప్రతిసారీ ఫైలు మరో సెక్షనులో ఉందన్నారు. మందుల షాపుల్లో ఫార్మసిస్టు హాజరును తనిఖీ చేయాలన్న మన విన్నపానికీ అదే గతి పట్టింది. ఈ నిర్లక్ష్యం మనకు బాధ కలిగించినా, వినతులు ఇవ్వడం మానేది లేదు.

జమాఖర్చుల పట్టిక కోశాధికారి గారు విడిగా అందజేశారు, ఆడిటు పూర్తయింది. డైరీల అచ్చుకు అనుకున్నదాని కన్నా ఎక్కువ ఖర్చైంది. సభ్యత్వ రుసుము బకాయి ఉన్నవారు దయచేసి ఈరోజే చెల్లించండి.

సహకరించినవారిలో ముందుగా చెప్పవలసింది అధ్యక్షులు గారిని; శిక్షణ రోజున ఉదయం బల్లలు సర్దడం దగ్గర నుంచి రాత్రి హాలు తాళం వేసేవరకు ఆయన అక్కడే ఉన్నారు. హాలు ఉచితంగా ఇచ్చిన కాలేజీ యాజమాన్యానికి, ఉత్తి ఇన్‌హేలర్లు సేకరించిన ఉపాధ్యక్షురాలికి, రోగుల పాత్రలు వేసిన పెద్దలకు, వరదలో తమ ఇళ్లు మునిగినా శిబిరాలకు వచ్చిన సభ్యులకు, మధ్యాహ్న భోజనం ఏర్పాటు చేసిన మహిళా విభాగానికి, పత్రికా మిత్రులకు కృతజ్ఞతలు. పేరు నమోదు చేసుకుని శనివారం తనిఖీలకు రాని స్వచ్ఛంద సభ్యుల భారం నలుగురైదుగురి మీదే పడింది. షాపు వదిలి రావడం ఎంత కష్టమో ఎరుగుదును. రాలేని వారు ముందురోజు ఒక్క మాట చెబితే మరొకరిని పంపగలిగేవాళ్లం. చెప్పకపోవడం వల్ల రోజంతా డైరీ పట్టుకుని ఎదురుచూసింది విద్యార్థి.

వచ్చే సంవత్సరానికి కార్యవర్గం రెండు తీర్మానాలు మీ ముందు పెడుతున్నది. శిక్షణ డైరీ నింపని విద్యార్థికి మన సభ్యుల షాపుల నుంచి ట్రైనింగ్ సర్టిఫికెట్టు ఇవ్వకూడదన్నది మొదటిది. సెప్టెంబరు 25 కౌంటరు శిక్షణను మచిలీపట్నం, ఏలూరులలో కూడా జరపాలన్నది రెండోది. ఇందుకు ఒక్కొక్క ఊరికి కనీసం ఆరుగురు శిక్షకులు కావాలి కనుక, సభ ముగిసేలోగా పేర్లు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. ఈ రెండు తీర్మానాలతో పాటు నివేదికను కూడా ఆమోదించవలసిందిగా సభ్యులను ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
కార్యదర్శి