ఆడటం వేరు, ఆడించడం వేరు

ఎడిటర్ గారికి,

జాతీయ ఫుట్‌బాల్ జట్టు కోచ్ ఖాలిద్ జమీల్ గురించి మీ క్రీడా పేజీలో వచ్చిన వ్యాసం చదివాం. ఆట మానేసిన మర్నాడే ఆయన కోచ్ అయిపోయినట్టు, మాజీ ఆటగాడు కాబట్టే ఆ కుర్చీ దక్కినట్టు అందులో ధ్వనించింది. చివర్లో, మన రెండు రాష్ట్రాల్లోనూ పేరున్న మాజీ ఆటగాళ్లను నేరుగా కోచ్‌లుగా తీసుకోవాలని సలహా ఇచ్చారు. మంచి మనసుతో ఇచ్చిన సలహానే. కానీ జమీల్ నడిచిన దారి దానికి పూర్తిగా ఎదురు దిశలో ఉంది.

కువైట్‌లో 1977లో పుట్టిన జమీల్ మిడ్‌ఫీల్డర్. మహీంద్రా యునైటెడ్‌లో ఆడారు, దేశానికీ ఆడారు. గాయాలు వదల్లేదు. 2009లో ఆట వదిలి, తానున్న ముంబై ఎఫ్‌సీకే కోచ్ అయ్యారు. అప్పటికి వయసు 32. ఇంతవరకు మీ వ్యాసం చెప్పింది నిజమే. ఆ తర్వాతి ఏడేళ్లను మాత్రం ఒక్క వాక్యంలో దాటేశారు. అసలు చదువు జరిగింది అక్కడే.

ముంబై ఎఫ్‌సీ డబ్బున్న క్లబ్ కాదు. ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, గోవా క్లబ్‌లు కొన్నంత ఖరీదైన ఆటగాళ్లను అది కొనలేదు. అలాంటి జట్టును ఏటా అప్పటి దేశపు అగ్ర లీగ్ అయిన ఐ-లీగ్ నుంచి కింది డివిజన్‌కు పడిపోకుండా కాపాడటమే ఆయన ఉద్యోగం. ఒక్క కప్పూ రాలేదు. 2016లో ఆయన్ని తప్పించారు. తర్వాతి సీజన్‌లోనే ఆ జట్టు ఐ-లీగ్‌లో అట్టడుగుకు పోయింది.

బలమైన జట్టుకు ఎదురు నిలవాలంటే ముందు నేర్పాల్సింది దూరాలు. 4-4-2లో, అంటే నలుగురు డిఫెండర్లు, నలుగురు మిడ్‌ఫీల్డర్లు, ఇద్దరు ఫార్వర్డ్‌ల అమరికలో, బంతి అవతలివాళ్ల దగ్గరున్నప్పుడు ముందున్న ఇద్దరు ఫార్వర్డ్‌లకూ వెనకున్న నలుగురు డిఫెండర్లకూ మధ్య 30 మీటర్లు దాటకూడదు. వరుసకూ వరుసకూ మధ్య పది, పన్నెండు మీటర్లు. ఒక ఫార్వర్డ్ ఒక్కడే ఉత్సాహపడి బంతి మీదికి ఉరికాడనుకోండి. వెనక మిడ్‌ఫీల్డర్లు కదల్లేదంటే మధ్యలో 20 మీటర్ల ఖాళీ తెరుచుకుంటుంది. అవతలి ప్లేమేకర్ (దాడిని నడిపించే ఆటగాడు) అక్కడ బంతి అందుకుని, తిరిగి, తలెత్తి చూసి పాస్ ఇస్తాడు. గోల్ పడుతుంది. గ్యాలరీలో తిట్లు స్టాపర్‌కు, అంటే నడి డిఫెండర్‌కు, పడతాయి, తప్పు జరిగింది మాత్రం 40 మీటర్ల అవతల.

దీన్ని సగం మైదానంలో ఎనిమిది మందికి ఎనిమిది మందిని పెట్టి నేర్పుతారు. నాలుగు నిమిషాలు ఆట, రెండు నిమిషాలు విరామం, ఇలా నాలుగైదు సార్లు. అంతకు మించితే లాభం లేదు. కాళ్లు అలసిన డిఫెండర్ తెలియకుండానే రెండడుగులు వెనక్కి జరుగుతాడు, దూరాలు సాగిపోతాయి, చివరికి తప్పుడు అలవాటునే సాధన చేయించినట్టు అవుతుంది. ‘పైకి’, ‘ఆగు’, ‘లోపలికి’ అన్న మూడు మాటలు చాలు. అవీ వెనక నుంచి ఆట మొత్తం కనబడే గోల్‌కీపర్, స్టాపర్‌ల నోటి నుంచి రావాలి. గీత బయట నిలబడి కోచ్ అరిస్తే మ్యాచ్ రోజు చప్పుడులో ఎవరికీ వినపడదు.

ఈ చదువు ఐజాల్‌లో పండింది. 2015–16లో ఐజాల్ ఎఫ్‌సీ లీగ్ నుంచి కిందికి పోయింది. గోవా క్లబ్‌లు తప్పుకోవడంతో మళ్లీ చోటు దొరికింది. అలాంటి జట్టు జమీల్ చేతిలో 2016–17 ఐ-లీగ్ గెలిచింది. ఐజాల్‌కు 37 పాయింట్లు, మోహన్ బగాన్‌కు 36. చివరి వారాల్లో సొంత మైదానంలో బగాన్‌ను 1–0తో ఓడించి, ఆఖరి మ్యాచ్‌లో షిల్లాంగ్ లజోంగ్‌తో 1–1 డ్రా చేసుకుని కప్పు ఎత్తింది.

మీ వ్యాసం వదిలేసిన ఇంకో పాఠం నార్త్ ఈస్ట్ యునైటెడ్. 2021 జనవరిలో సీజన్ మధ్యలో తాత్కాలిక కోచ్‌గా పగ్గాలు పట్టి, లీగ్ దశలో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా జట్టును సెమీఫైనల్‌కు చేర్చారు. భారతీయ కోచ్ ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్)లో అంత దూరం రావడం అదే మొదలు. మరుసటి సీజన్ పూర్తి బాధ్యత ఆయనదే. జట్టు 11 జట్లలో పదో స్థానంలో ముగించింది. ఒకరు తయారుచేసిన జట్టును సర్దుబాటు చేయడం ఒక పని, వేసవి నుంచి తానే కట్టుకురావడం ఇంకో పని. కోచ్ వృత్తిలో రెండూ విడివిడిగా నేర్చుకోవాల్సిందే. ఆయన ఆ తర్వాత జంషెడ్‌పూర్‌ను 2024–25లో ఐఎస్‌ఎల్ సెమీస్‌కూ సూపర్ కప్ ఫైనల్‌కూ తీసుకెళ్లారు. 2025 ఆగస్టులో దేశం పిలుపు అందుకునే నాటికి కోచ్‌గా పదహారేళ్ల అనుభవం ఉంది.

మధ్యలో లైసెన్సుల మెట్లు కూడా ఎక్కారు. మొదటిది ఆరు రోజుల డి లైసెన్స్. తర్వాత ఆసియా సమాఖ్య ఇచ్చే సి, బి, ఎ, చివర ప్రో. ఐఎస్‌ఎల్ హెడ్ కోచ్‌కు ప్రో ఉండాలి. మెట్టుకూ మెట్టుకూ మధ్య నిజంగా జట్టుతో పనిచేసి ఉండాలి, గబగబా ఎక్కేయడం కుదరదు. పెద్ద పేరున్న మాజీలు కొందరు డి దగ్గరే ‘మాకు ఇది అవసరమా’ అని చిన్నబుచ్చుకుంటారు. అవసరమే. ఎందుకో చెబుతాం.

గొప్ప ఆటగాడి విద్య కాళ్లలో ఉంటుంది, నోట్లో ఉండదు. పన్నెండేళ్ల పిల్లాడు పాదం లోపలి వైపుతో పాస్ ఇస్తే బంతి గాల్లోకి లేస్తోంది. మాజీ ఆటగాడు ‘అలా కాదు, ఇలా’ అని తాను తన్ని చూపిస్తాడు. బంతి నేలనంటుకుని వెళ్తుంది. పిల్లాడు మళ్లీ తంతాడు, మళ్లీ లేస్తుంది. తేడా ఎక్కడుందో ఇద్దరికీ తెలియదు. నేర్చుకున్న కోచ్ బంతిని చూడడు, నేలమీదున్న రెండో కాలిని చూస్తాడు. అది బంతి పక్కన, జానెడు దూరంలో, వేళ్లు పాస్ వెళ్లాల్సిన వైపు తిరిగి ఉండాలి. ఆ కాలు బంతికి వెనకబడితే ఒళ్లు వెనక్కి వాలుతుంది, తన్ను బంతి కింది భాగానికి తగులుతుంది, అందుకే లేస్తుంది. చీలమండ బిగించకపోతే వేరే తంటా, బంతి బలం లేకుండా పక్కకు జారుతుంది. ‘రెండో కాలు ముందుకు పెట్టు’ అన్న ఒక్క మాటతో సగం సరవుతుంది.

మరో జబ్బు వరుస. మన మైదానాల్లో సాయంత్రం ఎక్కడ చూసినా ఇరవై మంది పిల్లలు ఒకే వరుసలో, ఒక గోల్, ఒక బంతి. ఒక్కో షాట్‌కు పది సెకన్లు వేసుకోండి. ఇరవై నిమిషాల్లో 120 షాట్లు, అంటే పిల్లాడికి ఆరు. మిగతా సమయమంతా ముందువాడి వీపు చూస్తూ నిలబడటమే. అదే పిల్లల్ని ఐదుగురి చొప్పున నాలుగు గుంపులు చేసి, గుంపుకో బంతి, గోల్‌కు బదులు రెండు కోన్లు ఇస్తే అదే ఇరవై నిమిషాల్లో తలా 24. ఖర్చు మూడు బంతులు, ఎనిమిది కోన్లు.

కొలతలూ అంతే. నలుగురు పాస్‌లు వేస్తుంటే ఇద్దరు బంతి లాక్కోవడానికి చూసే ఆటకు 10 మీటర్ల చదరంతో మొదలుపెట్టాలి. మూడు పాస్‌లు కూడా పూర్తికాకుండా బంతి పోతుంటే పిల్లల్ని తిట్టనక్కర్లేదు, గీతలు రెండు మీటర్లు బయటికి జరపాలి. పదిహేను దాటినా పోకపోతే లోపలికి.

ఇవన్నీ విదేశీ విద్యలని కొట్టిపారేసేవాళ్లు రహీం సాబ్‌ను గుర్తు చేసుకోవాలి. సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాద్‌లో బడిపంతులు. 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదు రోవర్స్ కప్‌లు గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ ఆయన తయారుచేసిన జట్టే. బలహీనమైన కాలితోనే తన్నాలన్న నియమంతో టోర్నీలు పెట్టేవారు. ఎడమ కాలు నేర్పడానికి ఉపన్యాసం అక్కర్లేదు, కుడి కాలితో గోల్ చెల్లదంటే చాలు! ఆయన దారిలోనే వచ్చిన నయీముద్దీన్ 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టుకు కెప్టెన్. అదే ఏడాది ఆటగాడిగా అర్జున, కోచ్‌గా పనిచేశాక 1990లో ద్రోణాచార్య. రెండు వృత్తులకు రెండు వేర్వేరు పురస్కారాలు.

జమీల్‌ను ఇక్కడ వెనకేసుకురావడం లేదు. మధ్య ఆసియా సమాఖ్య నడిపే కాఫా కప్‌లో ఒమన్‌ను పెనాల్టీల్లో ఓడించి మూడో స్థానం తెచ్చిన జట్టే, 2025 అక్టోబరులో గోవాలో ముందు గోల్ కొట్టి కూడా సింగపూర్ చేతిలో 1–2తో ఓడి ఆసియా కప్ దారి మూసుకుంది. విమర్శించండి, తప్పులేదు. మాజీ ఆటగాడు కదా అని ఇచ్చిన ఉద్యోగంలా మాత్రం రాయొద్దు.

ఇక మీ సలహా సంగతి. మన మాజీ ఆటగాళ్లను తీసుకోవాల్సిందే, కాకపోతే నేరుగా సీనియర్ జట్టు మీదికి వద్దు. డి లైసెన్స్ రుసుము రాష్ట్ర ఫుట్‌బాల్ సంఘమే కట్టి, రెండేళ్లు 13 ఏళ్లలోపు పిల్లల దగ్గర సహాయకుడిగా పెట్టాలి. తర్వాత పదహారు మంది పిల్లలు, ఎనిమిది బంతులు, సగం మైదానం, గంట సమయం ఇచ్చి ఒక మూల నిలబడి చూడాలి. ఏ పిల్లాడైనా రెండు నిమిషాలకు మించి బంతి తాకకుండా ఉన్నాడా, కోచ్ ఒక్క బిగిన ముప్పై సెకన్లకు మించి మాట్లాడాడా, అని గడియారం పట్టి లెక్క రాసుకుంటే చాలు. సి కోర్సుకు పంపాలో లేదో ఆ కాగితమే చెబుతుంది.

చిన్న సవరణ కూడా వేయగలరు. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాపై మన గెలుపు 2–1. గోల్స్ పి.కె. బెనర్జీ, జర్నైల్ సింగ్‌లవి. మీరు అచ్చువేసిన 1–0 స్కోరు 1951 ఢిల్లీ ఫైనల్లో ఇరాన్‌పై వచ్చింది, గోల్ మేవాలాల్‌ది. రెండు జట్లకూ కోచ్ రహీం సాబే.

– సికింద్రాబాద్ మైదానాల్లో పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పే కొందరు శిక్షకులు