కాయిల్ పోయినందుకు కాదు, నా మాట వినిపించుకోనందుకు

కస్టమర్ కేర్ అధికారి గారికి,

విజయవాడ పటమట నుంచి రాస్తున్నాను. 2009లో కొన్న మీ పెట్రోలు కారునే ఇప్పటికీ నడుపుతున్నాను. నా మాట మీద మా తమ్ముడూ, బావమరిదీ మీ కంపెనీ బండ్లే కొన్నారు.

మార్చిలో మీ సర్వీస్ సెంటర్లో రెండో సిలిండర్‌కి కొత్త ఇగ్నిషన్ కాయిల్ (స్పార్క్ ప్లగ్‌కి కరెంటు ఇచ్చేది) వేయించాను. ఆరు నెలల వారంటీ అని బిల్లు మీదే ఉంది. రెండు నెలలు తిరక్కుండానే మళ్లీ మిస్సింగ్, అంటే సిలిండర్‌లో పెట్రోలు సరిగ్గా మండకపోవడం, మొదలైంది. వస్తువన్నాక పాడవుతుంది, దానికి నాకు కోపం లేదు.

బండి చల్లగా ఉన్నప్పుడు బాగానే ఉంటుంది, గుంటూరు వెళ్తూ మంగళగిరి దాటి ఇంజిన్ వేడెక్కాకే కొట్టుకుంటుందని మీ అడ్వైజర్‌కి మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ పొద్దున్నే స్టార్ట్ చేసి, ఐదు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి, "బానే ఉంది కదా సార్" అన్నారు. వేడెక్కితే పోయే కాయిల్ చల్లటి ఇంజిన్‌లో దొరుకుతుందా? నాలుగోసారి బానెట్ కూడా ఎత్తకుండా ఫ్యూయల్ పంపు, ఇంజెక్టర్లు మార్చాలని 28 వేలకు ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. పాత బండి కదండీ, ఇలాగే ఉంటుందన్నారు.

ఆటోనగర్లో ఒక మెకానిక్ బండిని అరగంట తిప్పి వేడెక్కించి స్కానర్ పెట్టాడు. పీ0302 కోడ్ వచ్చింది, అంటే రెండో సిలిండర్‌లో మిస్సింగ్. రెండో సిలిండర్ కాయిల్ మూడోదానికీ, మూడోదాని కాయిల్ రెండోదానికీ మార్చి మళ్లీ నడిపితే కోడ్ పీ0303 అయింది, అంటే ఇప్పుడు మూడోదానిలో. కాయిల్‌తో పాటే లోపమూ కదిలింది. కాయిల్ కింద ప్లగ్‌కి తొడిగే రబ్బరు బూటు మీద వెంట్రుకంత తెల్లటి గీత, స్పార్క్ బయటికి పాకిన చార, వేలితో చూపించాడు. పావుగంట పని. ఇలా మిస్సింగ్‌తో నడిపితే కాలని పెట్రోలు వెళ్లి పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ కూడా పోతుందని హెచ్చరించాడు. మీవాళ్లలో ఒక్కరూ ఆ మాట చెప్పలేదు.

అక్కడే వేరే కాయిల్ వేయించుకుని, మీది రుమాల్లో చుట్టి మీ కౌంటర్ మీద పెట్టాను. ఆ అబ్బాయి దాన్ని చేత్తో ముట్టుకోలేదు. కంప్యూటర్ వైపే చూస్తూ, స్పేర్ పార్టుల క్లెయిములు గుంటూరు బ్రాంచిలో చూస్తారన్నాడు. ఎండలో గుంటూరు వెళ్తే, బిల్లు విజయవాడది కాబట్టి అక్కడికే వెళ్లమన్నారు. కాల్ సెంటర్‌కి తొమ్మిదిసార్లు చేశాను. ప్రతిసారీ ఛాసిస్ నంబరు మొదటినుంచీ చెప్పించుకున్నారు. 48 గంటల్లో ఫోన్ చేస్తామన్నారు, ఎవరూ చేయలేదు. పైగా "మీ సమస్య పరిష్కారమైంది" అని రెండుసార్లు మెసేజ్ వచ్చింది. ఎవరు పరిష్కరించారు? ఎప్పుడు? పదహారేళ్లు మిమ్మల్ని నమ్మినవాణ్ని ఇలా చెప్పులరిగేలా తిప్పుతారా?

కాయిల్ డబ్బు ఇస్తారో, కొత్తది ఇస్తారో మీ ఇష్టం. ముందు దాన్ని పరీక్షించి, ఏం తేలిందో, నా ఫిర్యాదు ఎందుకు మూసేశారో సంతకం పెట్టి రాసివ్వండి. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేసి, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. బిల్లులు, మెసేజులు, రెండు స్కాన్ల ఫొటోలు అన్నీ ఉన్నాయి.

కాయిల్ నా దగ్గరే ఉంది. మీ మనిషి వచ్చి చూసేదాకా పారేయను.

ఇట్లు,
మీ పాత కస్టమర్,
పటమట, విజయవాడ