మంత్రి గారూ, మా అమ్మ ఆపరేషన్ కాగితాలు ఇప్పించండి

తెలంగాణ రాష్ట్ర వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

అయ్యా, నమస్కారం.

నేను ఊళ్లో జాకెట్లు కుట్టి బతికేదాన్ని. డాక్టర్ల మీద కసితో ఈ ఉత్తరం రాయడం లేదు. మా అమ్మ ఇవాళ వాకిట్లో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నదంటే అది హైదరాబాద్‌లో ఒక సర్జన్ గారి హస్తవాసి. ఆయనకు రోజూ దండం పెట్టుకుంటాం. ఆయన దాకా ఎందుకు పోవాల్సి వచ్చిందన్నదే నా గోడు.

నిరుడు ఎండాకాలంలో అమ్మకు గాల్‌బ్లాడర్‌లో, అంటే కాలేయం కింద ఉండే పైత్యరసం సంచిలో, రాళ్లున్నాయని తేలింది. మాకు దగ్గర్లోని పట్టణంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ కింద లాపరోస్కోపీ చేశారు. నాలుగు చిన్న గాట్లు, మూడు రోజుల్లో ఇంటికి అన్నారు. మూడో రోజు "బిడ్డా, కడుపంతా గుంజుతున్నది" అని అమ్మ మూలుగుతుంటే సిస్టర్‌ని పిలిచాను. "గ్యాస్ అమ్మా, నాలుగడుగులు నడిపించు, పోతుంది" అన్నది. నాలుగో రోజు డిశ్చార్జి. ఆరో రోజుకు కళ్లు పసుపు ముద్దలయ్యాయి, జ్వరం. ఇక్కడ మా తప్పు కూడా ఒప్పుకోవాలి. కామెర్లనుకొని పక్కింటి వాళ్లు చెప్పిన చోట పసరు మందు పోయించాం. రెండు రోజులు అలా పోయాయి. ఆపరేషన్ అయినాక కళ్లు పచ్చబడితే అది మామూలు కామెర్లు కాదు, పరుగెత్తుకొని రావాలి అని మాకు ఎవరూ చెప్పలేదు. మా చేతిలో పెట్టిన ఒకటిన్నర పేజీ ఇంగ్లీషు కాగితంలోనూ ఆ ముక్క లేదు. తరువాత అక్షరం అక్షరం చదివించి చూశాను.

మళ్లీ అదే ఆసుపత్రికి పోతే ఒక ఇంజెక్షన్ ఇచ్చి పంపారు. తొమ్మిదో రోజు హైదరాబాద్ తీసుకుపోయాం. స్కాన్ తీస్తే పొట్టలో పైత్యరసం నిండిపోయింది. కాలేయం నుంచి పేగుకు పోయే గొట్టానికి మొదటి ఆపరేషన్‌లోనే దెబ్బ తగిలిందన్నారు. పక్కకు గొట్టం వేసి సంచి తగిలించారు, స్టెంటు పెట్టారు. మూడు నెలల తరువాత పొట్ట కోసి పేగునే పైకి తెచ్చి కాలేయం గొట్టానికి కలిపారు. ఈ ఖర్చులకు నాన్న పది గుంటల భూమి అమ్మాడు. కుట్టు మెషీన్ ఒక్కటి మిగిలింది.

ఆ సర్జన్ గారు నాతో చెప్పిన మాట మీకూ చెప్పాలి. ఈ దెబ్బ మంచి డాక్టర్ చేతిలోనైనా తగలొచ్చునట. వెయ్యి ఆపరేషన్లలో మూడు నాలుగింట్లో జరుగుతుందని, వాపు ఎక్కువుంటే ఏది ఏ గొట్టమో తెలియడం కష్టమని బొమ్మ గీసి చూపించారు. అది విన్నాక మొదటి డాక్టర్ మీద నా కోపం సగం చల్లారింది. చేతిలో కత్తెర ఉన్నదాన్ని నేనూ. గుడ్డ ఎంత జాగ్రత్తగా పరిచినా ఒక్కోసారి పక్కకు జరుగుతుంది. దెబ్బ తగలడం వేరు, తగిలాక మనిషి మూలుగుతున్నా చూడకపోవడం వేరు. మొదటిది కాంప్లికేషన్, అంటే జాగ్రత్తపడినా వచ్చే ఇబ్బంది, కావచ్చు. రెండోదాన్ని ఏమనాలో మీ శాఖే చెప్పాలి.

చెప్పాలంటే కాగితాలు కావాలి. హైదరాబాద్‌లో మొట్టమొదట అడిగిన ప్రశ్న "ఆపరేషన్ నోట్స్ ఏవి?" అని. క్లిప్పులు ఎక్కడ వేశారు, ఎంత వాపు ఉంది, మధ్యలో ఏమైనా తేడా కనిపించిందా అన్నది అందులో ఉంటే వాళ్లకు పని తేలికయ్యేది. కోర్టుకు పోవడానికి కాదు, ప్రాణం నిలబెట్టడానికి కావాల్సిన కాగితం అది. మా అన్న అర్ధరాత్రి బస్సెక్కి ఆ పట్టణం పోయి అడిగితే "డాక్టర్ గారు లేరు" అన్నారు. మర్నాడు "రికార్డు రూమ్ తాళం" అన్నారు. మూడోనాడు "ఎందుకు, కేసు వేస్తారా?" అన్నారు. నా దగ్గర కొలతల పుస్తకం ఉంటుంది. ఐదేళ్ల కిందట కుట్టిన జాకెట్టు కొలత కూడా అందులో దొరుకుతుంది, అడిగినవాళ్లకు చీటీ మీద రాసిస్తాను.

ఆ ఆసుపత్రి క్యాజువాలిటీ ముందు ఒక ఎర్ర బోర్డు ఉంది. వైద్య సిబ్బంది మీద దాడి చేస్తే 2008 నాటి చట్టం కింద మూడేళ్ల దాకా జైలు అని. ఉండాల్సిందే, డాక్టర్‌ను కొట్టేవాడిని నేను సమర్థించను. ఇంకో నిబంధన కూడా ఉందని నాకు తరువాత ఒక లాయరమ్మ చెప్పింది. 2002 నాటి వైద్య వృత్తి నియమావళి ప్రకారం రోగి రికార్డు అడిగితే 72 గంటల్లోగా ఇవ్వాలి, ఆసుపత్రిలో చేరిన రోగుల రికార్డులు మూడేళ్లు దాచాలి. మెడికల్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేస్తే ఆరు నెలల్లో తేల్చాలి. ఈ మాట రాసిన బోర్డు నేను తిరిగిన నాలుగు ఆసుపత్రుల్లో ఒక్క గోడ మీదా లేదు.

మీరు కొత్తగా కమిటీ వేస్తామంటారేమో. కమిటీలు మనకు కొత్త కాదు. 2016లో హైదరాబాద్ సరోజినీదేవి కంటి ఆసుపత్రిలో శుక్లాల ఆపరేషన్ చేయించుకున్న 13 మందికి ఇన్‌ఫెక్షన్ సోకింది, కొందరి చూపు పోయింది. కంట్లో వాడిన సెలైన్‌లోనే బ్యాక్టీరియా ఉందని తేలింది. 2022 ఆగస్టు 25న రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం సర్కారు దవాఖానలో ఒక్కరోజే 34 మంది ఆడవాళ్లకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. నలుగురు చనిపోయారు, మిగతా వాళ్లను నిమ్స్‌కు, ఇతర ఆసుపత్రులకు తరలించారు. ఒక బృందం రోజుకు 30కి మించి చేయకూడదని కేంద్రం మార్గదర్శకాలు అప్పటికే ఉన్నాయి. ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర 2014లో ఇలాంటి క్యాంపులోనే 13 మంది తల్లులు పోయాక, మూడేళ్లలో ఈ క్యాంపులే ఎత్తేయాలని సుప్రీంకోర్టు 2016లో చెప్పింది కూడా. ఇబ్రహీంపట్నం కుటుంబాలకు 5 లక్షలు, డబుల్ బెడ్‌రూమ్ ఇల్లు ప్రకటించారు. మంచిదే. ఆ విచారణ నివేదికను తెలుగులో రాసి ఆ నలుగురి పిల్లల చేతికి ఇవ్వడం కూడా సర్కారు పనే కదా? పెద్దయ్యాక వాళ్లు అమ్మ ఎట్లా పోయిందని అడిగితే పాత పేపరు కటింగులు చూపించాలా? ఇంకో చిత్రం కూడా ఉంది. అందరికీ పూర్తిగా ఉచితంగా చేసే సర్కారు దవాఖానలు వినియోగదారుల చట్టం కిందికి రావని 1995లోనే తీర్పుంది. డబ్బు కట్టినవాడికి వినియోగదారుల ఫోరం (ఇప్పుడు కమిషన్ అంటున్నారు) ఉంది, కట్టలేనివాడికి హైకోర్టు మెట్లే గతి.

ఫోరానికి పోయినవాళ్లకైనా తేలికేం కాదు. హైదరాబాద్‌లోనే మలేరియా శాఖలో పనిచేసే ఒక అధికారి భార్యకు 2002లో మలేరియా జ్వరం వస్తే ఆసుపత్రిలో టైఫాయిడ్‌కు మందులిచ్చారు. ఆమె బతకలేదు. మలేరియా శాఖ మనిషి ఇంట్లోనే ఇది జరిగింది. జిల్లా ఫోరం 2 లక్షలు ఇమ్మంటే, నిపుణుడి సాక్ష్యం లేదని పై కమిషన్లు కొట్టేశాయి. తప్పు కళ్లెదుట కనిపిస్తున్నప్పుడు ప్రతి కేసులోనూ నిపుణుడు అక్కర్లేదని సుప్రీంకోర్టు 2010లో ఆయన పక్షాన తీర్పిచ్చింది. ఎనిమిదేళ్లు! అలాంటి పోరాటానికి ఆసుపత్రి కాగితాలు చేతిలో ఉండాలి.

నేను అడిగేది చట్టం మార్చమని కాదు. ఆరోగ్యశ్రీ డబ్బు రావాలంటే ఆసుపత్రి వాళ్లు కేస్ షీట్, పరీక్షల రిపోర్టులు, డిశ్చార్జి కాగితం అన్నీ ఆన్‌లైన్‌లో ఎక్కించాలి. అంటే మా అమ్మ కడుపు కథ బిల్లు పాస్ చేసే కంప్యూటర్‌లో ఉంది, అమ్మ చేతిలో లేదు. అందులోంచి ఆమె కార్డు నంబరుతో ఆమె కాగితాలు ఆమెకే కనిపించేలా చేయడానికి ఎంత ఖర్చవుతుంది? ఆపరేషన్ నోట్స్ కాపీ రోగికి ఇచ్చినట్టు సంతకం ఉంటేనే బిల్లు కదలాలని ఒక్క మెమో ఇవ్వండి. డిశ్చార్జి రోజున ఆరోగ్యమిత్ర (ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ తరఫున ఉండే మనిషి) ఒక తెలుగు కాగితం చేతిలో పెట్టి చదివి వినిపించాలి: ఈ ఆపరేషన్‌కు ఈ లక్షణాలు కనిపిస్తే రాత్రయినా రండి అని. అలాంటి కాగితం మాకు ఆనాడు దొరికి ఉంటే పసరు మందు జోలికి పోయేవాళ్లం కాదు.

సంతకాల సంగతి కూడా ఒకటి. ఆపరేషన్‌కు ముందు అమ్మ చేత ఇంగ్లీషు ఫారం మీద వేలిముద్ర వేయించారు. అందులో ఈ గొట్టం దెబ్బ సంగతి ఉందట, "ముందే చెప్పాం కదా" అన్నారు నాతో. రోగికి అర్థమయ్యేట్టు చెప్పి తీసుకుంటేనే అది ఒప్పుకోలు అని 2008లో సుప్రీంకోర్టు అన్నది. మా అమ్మకు ఇంగ్లీషు రాదు. తెలుగు కూడా చదవలేదు. వింటే మాత్రం అన్నీ అర్థమవుతాయి.

కేస్ షీట్ ఇవ్వమని ఆ ఆసుపత్రికి రిజిస్టర్డ్ పోస్టులో నేను రాసి ఇవాళ్టికి పదకొండు నెలలు. పోస్టాఫీసు రసీదు, వాళ్లు సంతకం పెట్టి అందుకున్న కార్డు నా కుట్టు మెషీన్ సొరుగులో ఉన్నాయి. మీ ఆఫీసు నుంచి ఎవరైనా అడిగితే తీసుకొని వస్తాను.

ఇట్లు,
ఒక తల్లి కూతురు, టైలర్