పేరు చెప్పకుండా వెళ్లిపోయిన అన్నకు

అన్నా, ఆ రోజు టెన్షన్‌లో మీ పేరు కూడా అడగలేదు. అందుకే ఇలా రాస్తున్నా.

ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే కొత్త ఇంజెక్టర్లు, గాలి నెట్టే పెద్ద టర్బో వేశాక నా పాత డీజిల్ ట్రక్కు స్టార్ట్ అయ్యేది, యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయగానే దగ్గి ఆగిపోయేది. ఐడిల్ స్క్రూ (కాలు తీసినప్పుడు ఇంజన్ తిరిగే వేగాన్ని సర్దేది) తిప్పీ తిప్పీ వేళ్లు నొప్పి పుట్టాయి. డీజిల్ పంపు పోయిందని ఒకరు, ఇంజెక్టర్లు నకిలీవని ఇంకొకరు. పంపు విప్పించడానికి సిద్ధపడిపోయాను కూడా.

మీరు మాత్రం ఫిల్టరుకూ పంపుకూ మధ్య జానెడు పారదర్శక గొట్టం బిగించి, "ఇప్పుడు స్టార్ట్ చెయ్యి తమ్ముడూ" అన్నారు. డీజిల్‌లో ఆవగింజలంత బుడగలు వరసగా పోతుంటే నోరెళ్లబెట్టాను. ఎక్కడా చుక్క కారలేదు కదా అంటే, పీల్చే వైపు లీకైతే డీజిల్ బయటికి రాదు, గాలే లోపలికి పోతుందన్నారు. ఐడిల్‌లో ఇంజెక్టర్ ఒక్కోసారి చిమ్మేది కొన్ని ఘన మిల్లీమీటర్లేనట. అందులో గాలి దూరితే ఇంజన్ ఎలా నిలబడుతుంది?

దొంగ దొరికింది బాంజో బోల్టు (డీజిల్ గొట్టాన్ని బిగించే బోలు బోల్టు) దగ్గర: రాగి వాషరు. పాతదే మళ్లీ వేసిన మహానుభావుణ్ణి నేనే. ఒకసారి నొక్కుకుపోయిన రాగి గట్టిపడుతుందని, మళ్లీ వేస్తే సందు సరిగా మూసుకోదని అప్పుడే తెలిసింది. కొత్తవి రెండు వేసి, చేతిపంపు కొట్టి గాలి తీశాక ఇంజన్ నిలకడగా తిరిగింది. సైడు అద్దం వణుకు కూడా తగ్గింది.

డబ్బులివ్వబోతే చెయ్యి అడ్డం పెట్టి, "ముందు ఆ స్క్రూ పాత చోటికి తిప్పు" అన్నారు. తిప్పేశాను అన్నా. చాలా చాలా థ్యాంక్స్.