పైసలు కట్టిన జర్నల్స్ మా దాకా రానియ్యండి సార్: ఉన్నత విద్యామండలి ఛైర్మన్ గారికి బహిరంగ లేఖ

ఛైర్మన్ గారికి నమస్తే,

మాది నల్గొండ జిల్లా మర్రిగూడ దిక్కు. స్టేట్ యూనివర్సిటీల భూగర్భజలాల మీద పీహెచ్‌డీ చేస్తున్న. వంగిపోయిన నడుములు, వంకర కాళ్లు చూసుకుంటనే పెరిగినం సార్, అందుకే నీళ్లల్ల ఫ్లోరైడ్‌నే పరిశోధనకు తీసుకున్న. ఆ నీళ్ల మీద ఇన్నేండ్లుగా జరిగిన పరిశోధన మా పిల్లల చేతికి అందుతలేదు, అది చెప్దామనే ఈ లేఖ.

సర్కారే జర్నల్స్‌కు, అంటే పరిశోధన పేపర్లు అచ్చేసే పత్రికలకు, పైసలు కట్టి కాలేజీ పిల్లలను ఫ్రీగా చదువనిచ్చే వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ స్కీమ్‌కి కేంద్రం 2024 నవంబర్‌ల ఓకే చెప్పింది. 2025 నుంచి మూడేండ్లకు 6,000 కోట్లు, 30 మంది పబ్లిషర్లు, దగ్గర దగ్గర 13,000 జర్నల్స్. యూనివర్సిటీ లైబ్రరీలను కలిపే గాంధీనగర్ ఇన్‌ఫ్లిబ్‌నెట్ సంస్థ వాళ్లు చూసుకుంటున్నరు. చాలా మంచి పని, మనస్ఫూర్తిగా అంటున్న, ఎందుకంటే ఐఐటీల చదివే పిల్లగానికి తెరుచుకునే జర్నలే దేవరకొండ గవర్నమెంట్ డిగ్రీ కాలేజీ పిల్లకు కూడా తెరుచుకోవాలన్నదే ఆ స్కీమ్.

మరి మా దగ్గర ఏమైతున్నదంటే, పీజీ పిల్ల గూగుల్‌ల నల్గొండ ఫ్లోరైడ్ అని కొడ్తది, పేపర్ కనబడ్తది, నొక్కితే ముప్పై నలభై డాలర్లు కట్టుమంటది, ఇగ అక్కడికే బంద్. లైబ్రరీ లాగిన్‌తోని పోతే అదే పేపర్ ఫ్రీగా వచ్చేదేమో, ఆ ముచ్చట ఆమెకు ఎవ్వరూ చెప్పలే. పరిశోధన పేపర్లు వెతికే గూగుల్ స్కాలర్‌ల చాలా పేపర్ల కింద చిన్న అక్షరాలతో 'ఆల్ వెర్షన్స్' అని ఉంటది, అది నొక్కితే ఒక్కోసారి రాసినాయనే పెట్టిన పీడీఎఫ్ దొరుకుతది, పక్కన 'సైటెడ్ బై' నొక్కితే ఆ పేపర్‌ని పట్టుకొని తర్వాత ఎవరెవరు ఏం రాసిన్రో అంతా వస్తది. ఒక్క ఫ్లోరైడ్ అని కొడ్తే సరిపోదు, ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్‌తోని వచ్చే ఎముకల, పండ్ల జబ్బు) అని కొట్టాలె, గ్రౌండ్‌వాటర్ అని కొట్టాలె, లేకపోతే డాక్టర్లు రాసినయి ఒక దిక్కు, జియాలజీ వాళ్లు రాసినయి ఒక దిక్కు ఉండిపోతయ్. 'నల్గొండ టెక్నిక్' అని కొట్టి చూడండి సార్, పటిక, సున్నం కలిపి నీళ్లల్ల ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి, నాగపూర్‌ల ఉన్న పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ వాళ్లు తయారుచేసింది, మన జిల్లా పేరుతోని టాంజానియా, ఇథియోపియాల పరీక్షించిన పేపర్లు వస్తయ్! 1955లనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌ల నల్గొండ ఫ్లోరోసిస్ మీద పేపర్ అచ్చయింది, వైద్య పేపర్లు పెట్టే పబ్‌మెడ్ సెంట్రల్ వెబ్‌సైట్‌ల ఫ్రీగా ఉంది. మా ఎముకల గురించి డెబ్బై ఏండ్ల కింద రాసింది మేమే చదవకపోతే ఎట్ల?

ఇంకోటి ఇంటికాడ లాగిన్. ఇన్‌ఫ్లిబ్‌నెట్ వాళ్లదే ఇన్‌ఫెడ్ అనే లాగిన్ పద్ధతి ఉంది, యూనివర్సిటీ అకౌంట్ చేసిస్తే ఎక్కడినుంచైనా చదువుకోవచ్చు. పగలంతా కాలేజీల పాఠాలు చెప్పి రాత్రి చదివే పార్ట్‌టైమ్ స్కాలర్లు, ఊరి నుంచి రోజూ బస్సుల వచ్చిపోయే ఆడపిల్లలు క్యాంపస్ వైఫై కింద ఎంతసేపు కూసుంటరు? అకౌంట్ అడిగితే రేపు రమ్మంటరు. లైబ్రరీ వాళ్లను అనను, పుస్తకాలు ఇచ్చుడు, తీసుకునుడుకే వాళ్లకు పొద్దు గూకుతది.

అసలు జర్నల్ ఎట్లుంటదో చూడని పిల్లలే 'మీ పేపర్ వారంల పబ్లిష్ చేస్తం, రెండు వేలు పంపుండ్రి' అనే వాట్సాప్ మెసేజ్‌లకు పడిపోతున్నరు. ఏవి మంచి జర్నల్సో చెప్పే యూజీసీ కేర్ లిస్ట్ కూడా 2025ల తీసేసిన్రు, ఇప్పుడు మంచి చెడ్డ ఎవరికి వాళ్లే చూసుకోవాలె.

మీరు చేయగలిగేవే అడుగుతున్న సార్. అడ్మిషన్ రోజే హాల్‌టికెట్ నంబర్‌తో పాటు లాగిన్ ఇయ్యమని అన్ని యూనివర్సిటీలకు రాయండి. పీహెచ్‌డీ కోర్స్‌వర్క్‌ల రీసెర్చ్ అండ్ పబ్లికేషన్ ఎథిక్స్ అనే సబ్జెక్ట్ తప్పనిసరి కదా, అందుల డేటాబేస్‌ల పాఠం కూడా ఉంది, అది బోర్డు మీద రాసుడు కాకుండా కంప్యూటర్ ముందల కూసోబెట్టి, పీజీ వాళ్లకు కూడా చెప్పించండి. నేర్పే ఒక్క మనిషినన్నా ప్రతి లైబ్రరీకి ఇయ్యండి. ఏ యూనివర్సిటీల ఎన్ని పేపర్లు డౌన్‌లోడ్ అయినయో ప్రతి ఆర్నెల్లకు బయటపెట్టండి. ఈ సబ్‌స్క్రిప్షన్‌కి డబ్బులిచ్చింది 2027 దాకనే, అప్పుడు లెక్కలు తీస్తే మా జిల్లాల వాడకం తక్కువ కనబడి, వీళ్లకు అవసరం లేదంటరేమోనని నా భయం.

ఇట్లు
ఒక రీసెర్చ్ స్కాలర్, నల్గొండ జిల్లా