ప్రశ్న అడిగితే అవిశ్వాసమేనా?

మన చర్చిల్లో యువత అడిగే ప్రశ్నలకు జవాబు దొరకడం లేదు. ఇంజనీరింగ్ చదివే పిల్లలు "దేవుడు మంచివాడైతే పసిపిల్లలకు క్యాన్సర్ ఎందుకు? జీవపరిణామం నిజమైతే బైబిల్లో సృష్టి గురించి చెప్పే ఆదికాండాన్ని ఎలా చదవాలి?" అని అడిగితే, "సందేహించకు, ప్రార్థన చెయ్యి" అని పంపేయడం మా యౌవనస్థుల కూటంలో చాలాసార్లు చూశాను. వాళ్లలో కొందరు గొడవేమీ పడకుండానే మెల్లగా చర్చికి రావడం మానేశారు. ప్రసంగాలేమో ఎక్కువగా ఉద్యోగం, వీసా, స్వస్థత చుట్టూనే తిరుగుతున్నాయి. అవేవీ దక్కనివాడు బతుక్కి అర్థమేమిటని అడిగితే మన దగ్గర మాట లేదు. బైబిల్లో, అన్నీ కోల్పోయి బాధపడిన యోబు దేవుణ్ణే నిలదీశాడు. యేసు తిరిగి లేచాడంటే, ఆయన గాయాలు చూస్తే తప్ప నమ్మనన్న శిష్యుడు తోమాను యేసు వెళ్లగొట్టలేదు, తన చేతులు చూపించాడు. ఆ తోమాయే మన దేశానికి సువార్త తెచ్చాడని గర్వంగా చెప్పుకుంటాం కదా! ప్రతి సంఘం నెలకు ఒక ఆదివారం ఆరాధన తర్వాత గంటసేపు ప్రశ్నలకే కేటాయించాలి. హైదరాబాద్‌లోని ఆంధ్ర క్రిస్టియన్ థియొలాజికల్ కాలేజీ వంటి చోట్ల చదివినవారిని, సంఘంలోని డాక్టర్లను, సైన్సు టీచర్లను అందులో కూర్చోబెట్టాలి. పాస్టర్‌గారు తనకు తెలియని చోట "తెలియదు, కలిసి వెతుకుదాం" అన్నా సంఘం ఆయన్ని తక్కువగా చూడకూడదు.

— ఒక సంఘ సభ్యురాలు, గుంటూరు